కత్తెర కింద నలిగిన స్నేహం

1941లో పెరల్ హార్బర్‌పై బాంబులు పడ్డాయి. భర్త నౌకాదళానికి వెళ్లిపోయాక, గడప దాటి ఎరగని కే కాలిఫోర్నియాలో విమానాల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పొరుగింటి హేజెల్ డ్యాన్స్‌హాల్ గాయని. 'అలాంటిదానితో మనకేంటి' అన్నట్టుండేవాడు భర్త. ఆమే కేకి ప్రాణస్నేహితురాలైంది! సాయంత్రం షిఫ్టులో రివెట్లు, ఆనక స్వింగ్ సంగీతానికి చిందులు...

1984లో వచ్చిన 'స్వింగ్ షిఫ్ట్' కథ ఇది. దర్శకుడు జోనథన్ డెమీ ఈ స్నేహాన్నే వెన్నెముక చేశాడు. స్టూడియోకి రుచించలేదు. కొన్ని సన్నివేశాలు మళ్లీ తీయించి, ట్రంపెట్ వాయించే లక్కీతో కే ప్రేమను ముందుకు తెచ్చింది. (ఆ పాత్రలు వేసిన గోల్డీ హాన్, కర్ట్ రసెల్ నిజజీవితంలోనూ జంటయ్యారు లెండి.) ఇన్ని కోతల్లోనూ హేజెల్‌గా క్రిస్టీన్ లాటీ నిలబడింది, ఆస్కార్ నామినేషన్ అందుకుంది. టైటిల్స్‌లో కనిపించే రచయిత రాబ్ మోర్టన్ మాత్రం అసలు లేడు. అది మారుపేరు!