ఈమెయిల్‌కు తాళం: పాస్‌వర్డ్, పబ్లిక్ కీ

అద్దె ఒప్పందానికో, పిల్లల బడి ప్రవేశానికో ఆధార్ ప్రతిని ఈమెయిల్‌లో పంపవలసిన అవసరం నగరవాసులకు తరచు కలుగుతుంది. ఇ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉన్నది కదా అని పలువురు నిశ్చింతగా ఉంటారు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, ఆపై పుట్టిన సంవత్సరం, ఇదే ఆ పాస్‌వర్డ్. మీ పేరు, వయస్సు ఎరిగిన ఇరుగుపొరుగువారు సైతం దానిని తెరవగలరు.

పాస్‌వర్డ్ పద్ధతిలో మూయుటకు, తెరచుటకు తాళంచెవి ఒక్కటే. దానిని అవతలివారికి చేర్చుటయే చిక్కు. అదే మెయిల్‌లో వ్రాసి పంపితే తాళంచెవిని తాళానికే వ్రేలాడదీసినట్లు.

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ దీనికి మార్గం చూపారు. ఒక్కొక్కరికి జంట తాళంచెవులుంటాయి. బహిరంగమైనదానితో ఎవరైనా లేఖను మూయవచ్చు. రహస్యమైనది గలవారే తెరవగలరు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ రూపొందించిన పీజీపీతో ఈ విధానం సామాన్యుల ఈమెయిల్‌కు అందింది. అయితే చేతికందిన పబ్లిక్ కీ నిజముగా ఆ వ్యక్తిదేనా అని ఫోనులోనైనా సరిచూసుకొనవలెను. రహస్య కీ పోగొట్టుకొంటే పాత లేఖలు తిరిగి తెరువరావు.

ఇంటి యజమానికి ఒక్కసారి పంపే పత్రానికి ఇంత ఏర్పాటు అనవసరమే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను పొడవైన కొత్త పాస్‌వర్డ్‌తో భద్రపరచి, ఆ పాస్‌వర్డ్‌ను ఫోనులో చెప్పవచ్చు. ఏ పద్ధతిలోనైనా సబ్జెక్ట్ పంక్తి సాధారణంగా తెరచియే ఉంటుంది. అందులో ఆధార్ సంఖ్య వ్రాయరాదు.