ఆరు మీటింగులు, ఐదు పాయింట్లు

బీపీ మిషన్ మీద పోయిన నెల 152 చూపింది, ఈ నెల 147. ఇంట్లో ఎవరూ సంబరపడరు. డాక్టరు కూడా ఇంకా తగ్గాలనే అంటాడు. ఒక్క మనిషికి ఐదు పాయింట్లు తగ్గడం నిజంగానే చిన్న విషయం. ఊరు మొత్తానికి తగ్గితే మాత్రం సంగతి వేరు. 48 పరిశోధనల్లోని 3,44,716 మంది వివరాలను ఒక్కచోట చేర్చి చేసిన విశ్లేషణ 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మందులతో పై బీపీ 5 పాయింట్లు తగ్గినప్పుడు గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 10 శాతం తగ్గాయి. పక్షవాతం ఒక్కటే తీసుకుంటే 13 శాతం. అంటే నూరు మందికి కాలూచేయీ పడిపోవాల్సిన చోట పదముగ్గురు నిలబడే ఉన్నారన్నమాట.

ఆ ఐదు పాయింట్లు గోలీలతో వస్తాయి, ఉప్పు తగ్గిస్తే వస్తాయి. పక్కన కూర్చుని, వదలకుండా వెంటబడే మనిషి ఉన్నా వస్తాయి. ఈ మూడోదాన్నే ఇప్పుడు హెల్త్ కోచింగ్ అంటున్నారు. దీని లెక్కలు కొన్ని అమెరికాలో కాదు, మన తెలుగు పల్లెల్లోనే తేలాయి. వాటిలో తప్పిన లెక్కలూ ఉన్నాయి.

మొదట ఉభయగోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ల సంగతి. 2003–04లో అక్కడ ఏడాది పాటు ప్రతి చావుకూ కారణం రాసుకున్నారు. దాదాపు 1,80,000 జనాభాలో 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు, పురుగుల జబ్బులు కలిపినా 12 శాతమే. పల్లెల్లో జనం విరేచనాలతో, జ్వరాలతో పోతారని, గుండెపోటు పట్నపోళ్ల రోగమని అనుకునే రోజులవి. ఆ అంకెలు చూశాక అలా అనుకోవడానికి వీల్లేకుండా పోయింది.

రోగం తెలిసింది కాబట్టి జనానికి చెబుదామనుకున్నారు. అదే ప్రాంతంలో 44 ఊళ్లను ఎంచుకుని కొన్నింటిలో పోస్టర్లు అంటించారు, వీధి నాటకాలు ఆడించారు, ర్యాలీలు తీశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ప్రచారం జరిగిన ఊళ్లకూ జరగని ఊళ్లకూ జనానికి తెలిసిన విషయాల్లో తేడా ఏమీ దొరకలేదు. సర్కారు గోడల మీద రాతలు చూస్తూ పెరిగిన మనకు ఇందులో వింతేముంది?

తర్వాత ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి చూశారు. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో 40 ఏళ్లు దాటినవారి వివరాలు అందులో ఎక్కించారు. ఎవరికి ప్రమాదం ఎక్కువో ట్యాబే లెక్కగట్టి చెప్పేది, వాళ్లను డాక్టరు దగ్గరికి పంపేవారు. ప్రమాదంలో ఉన్నవాళ్లు దొరికారు. కానీ 2019లో అచ్చయిన ఫలితాల ప్రకారం బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జబ్బు ఉందని చెప్పడం వేరు, రేపు పొద్దున గోలీ వేసుకునేలా చేయడం వేరు.

మూడోసారి గురి కుదిరింది. ఇటు అప్పటి చిత్తూరు జిల్లా రిషివ్యాలీ చుట్టుపక్కల, అటు పశ్చిమ గోదావరిలో, కేరళలో తిరువనంతపురం దగ్గర బీపీ ఉన్న 1,734 మందిని తీసుకున్నారు. 637 మందిని చిన్న గుంపులు చేసి ఆశాలకు అప్పగించారు. మిగతా 1,097 మంది ఎప్పటిలాగే ఉన్నారు. ఆశాలకు ఇచ్చింది ఐదు రోజుల శిక్షణ. పదిహేను రోజులకోసారి, మూడు నెలల పాటు, మొత్తం ఆరు మీటింగులు. ప్రతిసారీ అందరికీ బీపీ చూడటం, దాని గురించి మాట్లాడుకోవడం, అంతే. 2020లో ఫలితం అచ్చయింది. మీటింగులకు వచ్చినవాళ్లలో పై బీపీ మిగతావారికంటే 5 పాయింట్లు ఎక్కువగా తగ్గింది.

ఇది కాకతాళీయమా అన్న అనుమానానికి జవాబు పక్క దేశాల్లో దొరికింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లోని 30 పల్లె ప్రాంతాల్లో 2,645 మందిపై రెండేళ్లు నడిచిన ప్రయోగం కూడా 2020లోనే వెలువడింది. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, మాట్లాడి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపారు. అలా చేసిన చోట సగటున 9 పాయింట్లు, చేయని చోట 4 పాయింట్లు తగ్గింది. తేడా మళ్లీ అదే ఐదు.

ఇక్కడ ఒక మాట. 10 శాతం తగ్గుదల అన్న లెక్క ఏళ్ల తరబడి మందులు వాడినవారి నుంచి వచ్చింది. మూడు నెలల మీటింగులతో తగ్గిన ఐదు పాయింట్లు నాలుగో నెల నుంచి మళ్లీ పెరిగితే ఆ 10 శాతం లాభం దక్కదు. కోచింగ్ అంటే ఒక కోర్సు చదివి సర్టిఫికెట్ తీసుకున్నట్టు కాదు, నడుస్తూనే ఉండాలి.

మరి పోస్టర్ చేయలేనిది మీటింగులో ఏం జరుగుతుంది? జగిత్యాల జిల్లా బీర్పూర్ వైపు పల్లెలో ఏ ఆశా కార్యకర్తను అడిగినా తెలిసిన సంభాషణే ఇది.

“పెద్దమ్మా, బీపీ గోలీ వేసుకుంటున్నవా?”

“తలకాయ నొస్తలేదు బిడ్డా, ఎందుకు ఏసుకోవాలె? నొచ్చినప్పుడు ఏసుకుంట.”

ఈ ఒక్క జవాబులో జబ్బు అంతా ఉంది. బీపీ ఎక్కువున్నా చాలామందికి తలనొప్పి రాదు. గోలీ నొప్పికి కాదు, నాళానికి. ఇది పెద్దమ్మకు ఒంటరిగా పదిసార్లు చెప్పినా ఎక్కదు. పదిహేను మంది కూర్చున్న చోట, గోలీ మానేసిన తనకు 168, వేసుకుంటున్న పక్కింటామెకు 138 అని ఆమె కళ్లముందే మిషన్ చూపిస్తే ఎక్కుతుంది. ఆ 168 మనసులో నిలుస్తుంది కూడా, రెండువారాలకు మళ్లీ అందరి ముందూ చేయి చాపాలి కదా.

ఉప్పు సంగతీ అంతే. తగ్గించండి అంటే ఎవరైనా తలూపుతారు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ ఎన్ని రోజులు వస్తుందని అడిగి చూడండి, లెక్క బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, సుమారు ఒక టీ చెంచా. నలుగురున్న ఇంట్లో నెలకు 600 గ్రాములు. ప్యాకెట్ నెలకే అయిపోతోందంటే మనిషికి 8 గ్రాములు దాటినట్టే, తొక్కులకూ అప్పడాలకూ వేరే కొన్నది కాక. ప్యాకెట్ యాభై రోజులు రావాలి. గ్రాములు గుర్తుండని ఇంట్లో కూడా యాభై రోజులు గుర్తుంటుంది.

ఉప్పును మార్చే దారి కూడా ఒకటుంది. మన తెలంగాణలోనే సిద్దిపేట ప్రాంతంలో ఏడు ఊళ్లలో బీపీ ఉన్న 502 మందికి మూడు నెలలు రెండు రకాల ఉప్పు ఇచ్చి చూశారు. కొందరికి మామూలు ఉప్పు, కొందరికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపినది. ఎవరిది ఏదో వాళ్లకు తెలియదు. 2021లో వచ్చిన ఫలితం: పొటాషియం ఉప్పు తిన్నవారిలో పై బీపీ 4.6 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. దాదాపు మళ్లీ ఐదే! అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ ఉప్పు జోలికి పోకూడదు.

ఇప్పుడు బీర్పూర్‌కు వద్దాం. 2016లో సారంగాపూర్ నుంచి విడిపోయి కొత్త మండలమైంది. నరసింహస్వామి గుడి, రోళ్లవాగు, వరి పొలాలు, ఇంటింటా బీడీలు చుట్టే చాట, ఇంటికో మనిషి గల్ఫ్‌లో. ఇటు కోరుట్లలో, అటు సిరిసిల్లలో కూడా ఆడవాళ్ల చేతిలో బీడీ ఉంటుంది, సిరిసిల్లలో మగవాళ్లు సాంచెల (మరమగ్గాల) దగ్గర నిలబడతారు.

వెయ్యి జనాభాకు ఒక ఆశా. కేంద్ర మార్గదర్శకాల అంచనా ప్రకారం అందులో 30 ఏళ్లు దాటినవారు 370 మంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వేలో దేశంలోని పెద్దవాళ్లలో 35.5 శాతానికి బీపీ ఉందని తేలింది. ఆ రేటు పెట్టి చూస్తే ఒక్క ఆశా పరిధిలో 131 మంది. తెలంగాణ సగటు దేశం సగటు కంటే ఎక్కువేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కాబట్టి ఇది తక్కువ అంచనాయే. పదిహేను మందికో గుంపు చొప్పున తొమ్మిది గుంపులు, గుంపుకు ఆరు మీటింగులు, మొత్తం 54. మూడు నెలల్లో వారానికి నాలుగు. గర్భిణుల పేర్లు రాయడం, పిల్లల టీకాలు, సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీల నడుమ వారానికి నాలుగు మీటింగులు పెట్టమని ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకైతే లేదు. ఇది ఆశా నెత్తిన ఇంకో పని పెట్టేది కాదు, ఆమెకు ఇంకో మనిషిని ఇచ్చేది కావాలి.

ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి ఆశా చేతిలో ఇప్పటికే ఒక కాగితం ఉంది. సీబాక్ అంటారు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ మార్కులు వేసి నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. బీడీలు చుట్టే 46 ఏళ్ల ఆమెకు వేసి చూద్దాం. వయసుకు 2. నడుము 84 సెంటీమీటర్లు, 1. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే పని, వారానికి 150 నిమిషాల నడక లేదు, 1. నాయనకు బీపీ ఉండేది, 2. పొగ తాగదు, నమలదు, కాబట్టి పొగాకుకు సున్నా. మొత్తం 6. పొద్దున లేచింది మొదలు తంబాకు దుమ్ములో చేతులుండే మనిషికి పొగాకు గడిలో సున్నా పడుతుంది. తాగడం, నమలడం గురించి అడిగిన ఆ గడి చుట్టడం గురించి అడగదు. నడుము కొలిచిన కాగితంలో ఇదొక లోటు.

మందుల వైపు చూస్తే పనులు కొంత కదిలాయి. బీపీ అదుపు కోసం 2017లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తెలంగాణ తొలి ఐదు రాష్ట్రాల్లో ఒకటి. 2022 మార్చిలో రాజన్న సిరిసిల్ల, ములుగు జిల్లాల్లో ఈ-హెల్త్ ప్రొఫైల్ పేరుతో పెద్దవాళ్లందరికీ పరీక్షలు చేసి వివరాలు ఎక్కించడం మొదలైంది. ఎవరికి ఏముందో తెలుసుకునే పని అది. గోదావరి ట్యాబ్ కథ చదివినవాళ్లకు దాని తర్వాతి మెట్టు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మనుషులను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది నా దృష్టిలో అసలు చిక్కు. పొలం పని, బీడీ లెక్క వదిలి మధ్యాహ్నం మీటింగుకు రమ్మంటే ఆ పూట కూలి పోతుంది. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్లు ఎలాగూ టేకేదారు దగ్గర వరస కడతారు. కట్టలు లెక్కయ్యేదాకా కూర్చునే ఆ సమయంలోనే బీపీ చూడొచ్చు. చూసేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, కాలు మీద కాలు వేయకూడదు, మాట్లాడకూడదు, పట్టీ జాకెట్ చేతి మీద కాకుండా ఒంటికి తగిలేలా కట్టాలి, చేయి గుండె ఎత్తున ఆనించాలి. సిరిసిల్లలో సాంచెల షెడ్డు దగ్గర షిఫ్టు మారే వేళ కూడా ఇలాంటిదే.

గల్ఫ్ పోయినవాళ్లకు ఈ వరసేదీ లేదు. పోయేముందు మెడికల్‌లో బీపీ చూస్తారు, ఆ తర్వాత సెలవు మీద వచ్చేదాకా చాలామందికి చూసే దిక్కుండదు. ఇంటి నుంచి పట్టుకుపోయిన గోలీలు అయిపోయాక అక్కడ కొనాలంటే జేబు చూసుకోవాలి. ఊళ్లో పెళ్లాం వెళ్లే గుంపులోనే భర్త పేరు కూడా రాసి, రెండువారాలకోసారి వీడియో కాల్‌లో గోలీల అట్ట చూపించమంటే పెద్ద ఖర్చేమీ కాదు. అట్టలో ఎన్ని గుంటలు ఖాళీ అయ్యాయో ఇక్కడి నుంచే లెక్కపెట్టొచ్చు.