మార్కాపురం పలక నుంచి విమానం రెక్క దాకా: మీకు తెలుసా?

● మార్కాపురం గనుల్లో పలకరాయి చీల్చేవారికి ఉలి ఎటు పెట్టాలో ఎవరూ నేర్పక్కర్లేదు. పొర వెంట పెడితే రాయి రేకులుగా విడిపోతుంది, అడ్డంగా పెడితే మొరాయిస్తుంది. విమానాల్లో వాడే మందపాటి అల్యూమినియం ప్లేటుదీ దాదాపు ఇదే గుణం. మిల్లులో సాగిన దిశలో దాని బలం ఒకటి, అడ్డంగా మరొకటి, మందం దిశలో లాగితే సాధారణంగా అన్నిటికన్నా తక్కువ. అందుకే డిజైన్ పుస్తకాల్లో ఒకే లోహానికి దిశను బట్టి, మందాన్ని బట్టి వేర్వేరు అంకెలు ఉంటాయి.

● ఆ పుస్తకాల్లో పెద్ద పేరున్నది అమెరికా సైన్యం వారి మిల్ హ్యాండ్‌బుక్-5. దాని చివరి కూర్పు, 2003 నాటి 5జె, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని వారసురాలు ఎంఎంపీడీఎస్‌ను మాత్రం కొనుక్కోవాలి. నేర్చుకోవడానికి 5జె చక్కగా సరిపోతుంది. ఎగిరే విమానానికి అనుమతి తెచ్చుకోవాలంటే మాత్రం తాజా కూర్పే చూడాలి.

● నెట్‌లో కనిపించే లోహ బలాల్లో చాలావరకు సగటు అంకెలే. సగటుతో రెక్క గీస్తే, ఫ్యాక్టరీ నుంచి వచ్చే ముక్కల్లో ఇంచుమించు సగం మీ లెక్కకన్నా బలహీనంగా ఉంటాయి! హ్యాండ్‌బుక్‌లోని ‘ఎ’ విలువ అలాంటిది కాదు. నూటికి 99 ముక్కలు ఆ బలాన్ని అందుకుంటాయని 95 శాతం నమ్మకంతో చెప్పే అంకె అది. ‘బి’ విలువలో ఆ 99 కాస్తా 90 అవుతుంది. ఒక్క భాగం విరిగితే విమానమే పోయే చోట ‘ఎ’ వాడాలి. ఒకటి విరిగినా పక్క భాగాలు బరువు మోసే చోట ‘బి’ చాలు. ఈ తేడా తెలియకుండా ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్చినా లాభం లేదని నా గట్టి అభిప్రాయం.

● ప్రయాణికుల విమానం తన జీవితకాలంలో ఎదురయ్యే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి, విరగకుండా కనీసం 3 సెకన్లు నిలవాలి. అమెరికా, ఐరోపా నిబంధనలు రెండూ ఇదే చెబుతాయి. రెండూ ఉచితంగా చదువుకోవచ్చు.

● 1915 నుంచి 1958 వరకు పనిచేసిన అమెరికా విమాన పరిశోధన సంస్థ నాకా, ఆ తర్వాత వచ్చిన నాసా, వేల కొద్దీ నివేదికలను అందరికీ తెరిచి పెట్టాయి. పల్చని రేకు ఎప్పుడు సొట్టపోతుందో లెక్క కట్టాలంటే ఇప్పటికీ అక్కడికే వెళ్తారు.

● 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్ ప్రాజెక్టును నడిపించిన కోట హరినారాయణ బరంపురంలో పుట్టారు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. తేజస్ నిర్మాణంలో బరువు లెక్కన దాదాపు 45 శాతం కాంపోజిట్లే, అంటే నారను జిగురుతో కలిపి పొరలుగా చేసిన పదార్థాలే. వీటికి లోహాల పట్టికలు పనికిరావు. నార ఏ కోణంలో పరిచారు, ఎన్ని పొరలు వేశారు, ఎంత తేమ పీల్చింది అన్నవాటిని బట్టి బలం మారిపోతుంది. కాబట్టి తయారుచేసేవారే ముక్కలు కోసి, వేడిలో, తేమలో పరీక్షించి సొంత అంకెలు సంపాదించుకోవాలి. మన సైనిక విమానాల విషయంలో వాటిని తనిఖీ చేసి ఒప్పుకోవలసింది బెంగళూరులోని సెమిలాక్.

● విమానాలకు, రాకెట్లకు కావలసిన టైటానియం, ప్రత్యేక ఉక్కులు తయారుచేసే మిధాని 1973లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

● పలకరాయికీ ప్రమాణాలున్నాయి. అమెరికాలో ఇంటి కప్పుకు వాడే పలకలకు ఏఎస్‌టీఎం సి406, వంచి చూసే పరీక్షకు సి120.

గిద్దలూరు, కంభం, మార్కాపురం ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. ఏ అంకె రాసుకున్నా పక్కనే నాలుగు వివరాలు చేర్చండి: ఏ పుస్తకం, ఏ కూర్పు, ‘ఎ’ విలువా ‘బి’ విలువా, ఏ దిశ.