ఆ ఒక్క మిషన్ దాటితే పడుకుంటా!

తుపాకుల ఆటలో ఒకేచోట పదే పదే ఓడిపోతున్న పిల్లాడికి లోపల ఏమవుతోంది? తలుపు తట్టే ముందు ఇది చదవండి.

"ఇదొక్కటి అయిపోతే పడుకుంటానమ్మా." మీ ఇంట్లో ఈ మాట ఎన్ని రాత్రులు విన్నారో గుర్తుచేసుకోండి. గిన్నెలు సర్దేశారు, టీవీ కట్టేశారు, పాల ప్యాకెట్ల కోసం గేటుకు సంచీ కూడా తగిలించారు. పిల్లాడి గది తలుపు కింద మాత్రం ఇంకా వెలుగు ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు కాబట్టి తుపాకుల మోత మీకు వినపడదు. వినపడేది కుర్చీ కిర్రుమనడం, 'ఛ' అన్న విసుగు, బల్ల మీద అరచేత్తో ఒక దెబ్బ. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ 'ఛ'.

ఇలా వినపడుతోందంటే ఆ సమయంలో వాడు ఆటను ఆనందించడం లేదన్నమాట. మిలటరీ షూటింగ్ గేముల్లో ప్రతి దశకూ ఓ లక్ష్యం ఉంటుంది. బందీని విడిపించాలి, వంతెన పేల్చాలి, హెలికాప్టర్ వచ్చేదాకా ఓ గుట్టను కాపాడుకోవాలి. దాన్నే మిషన్ అంటారు. ఇది పూర్తయితేగానీ తర్వాతిది తెరుచుకోదు. వాడు అలాంటి ఒకదాని దగ్గర ఇరుక్కుపోయాడు. లోయర్ ట్యాంక్ బండ్ అపార్టుమెంటైనా, చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లోని పాత ఇల్లైనా, రాత్రిపూట తగవు మొదలయ్యేది ఇక్కడే. అమ్మాయిలూ ఆడతారు, వాళ్లూ ఇరుక్కుంటారు.

'గేమ్ పిచ్చి' అని ఒక్క మాటతో కొట్టేస్తాం. పిచ్చి వేరు, ఇరుక్కుపోవడం వేరు. రెండోదానికి మందు చాలా తేలిక. కాకపోతే అది దొరికేది తెల్లవారాక.

మీరూ ఆడినవారే

ఇప్పుడు నలభైకి అటూఇటూగా ఉన్న నాన్నలకు ఒక పేరు చెబితే చాలు: ఐజీఐ. నార్వేకి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారుచేసిన 'ప్రాజెక్ట్ ఐజీఐ' 2000లో విడుదలైంది. మన నెట్ సెంటర్లలో దానికోసం పిల్లలు వంతులు కాసేవారు. అందులో 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. కెమెరాలు తప్పించుకుంటూ, కంచెలు దాటుతూ, నక్కి నక్కి ఆఖరి గది దాకా వెళ్లాక వెనక నుంచి తూటాలు తగిలితే మళ్లీ మొదటి గేటు దగ్గర నిలబడాలి. అయినా అప్పట్లో ఎవరూ తెల్లవార్లూ కూర్చోలేదు. ఎందుకంటే గంట పూర్తవగానే నెట్ సెంటర్ ఆయన వచ్చి "టైమయింది బాబూ, లే" అనేవాడు. జేబులో ఇంకో గంటకు డబ్బులుండేవి కావు. ఇప్పుడు కంప్యూటర్ ఇంట్లోనే ఉంది, ఫోను చేతిలోనే ఉంది. టైమయిందని చెప్పే మనిషి లేడు. ఆ ఉద్యోగం మీకొచ్చింది.

తర్వాతి గేములు చెక్‌పాయింట్లు పెట్టాయి. చనిపోతే మిషన్ మొదటికి కాకుండా దగ్గర్లోని చోటికి పంపుతాయి. ఇది మేలే అనిపిస్తుంది. కానీ ఓడిపోయాక మళ్లీ మొదలవడానికి ఇప్పుడు పట్టేది కొన్ని సెకన్లు. ఈలోగా లేచి మంచినీళ్లు తాగుదామన్న ఆలోచన కూడా రాదు. 2007లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ 4'లో అసలు కథ ముగిశాక ఒక విమానం మిషన్ ఉంటుంది. అన్నిటికన్నా కఠినమైన 'వెటరన్' స్థాయిలో ఆడితే, విమానంలో అడుగడుగునా ఎదురయ్యే ఉగ్రవాదులను దాటుకుని బందీని కాపాడటానికి ఇచ్చేది ఒకే ఒక్క నిమిషం. బందీని అడ్డం పెట్టుకున్న ఆఖరివాడి మీద గురి తప్పితే అంతా వృథా. నిమిషం ఆటే కదా, ఇంకొక్కసారి చూద్దాం అనిపిస్తుంది. అలా అరవైసార్లు అనిపిస్తే గంట.

(ఇంకో మాట. ఈ గేమ్‌కు అమెరికా రేటింగ్ ప్రకారం 17 ఏళ్లు నిండి ఉండాలి. ఏడో తరగతి పిల్లాడు ఆడుతుంటే మాట్లాడాల్సింది మిషన్ గురించి కాదు, ఆ గేమ్ ఇంట్లోకి ఎలా వచ్చిందన్న దాని గురించి.)

నోటికాడి ముద్ద

ఓడిపోతున్నకొద్దీ మానేయాలి కదా, ఎందుకు మానరు? 1998లో లండన్ పరిశోధకులు ఎనిమిది మంది పురుషుల చేత ఒక ఆట ఆడించి, ఆడుతుండగానే మెదడును స్కాన్ చేశారు. యుద్ధభూమిలో ట్యాంకు నడుపుతూ జెండాలు ఏరాలి. అదీ ఓ మిలటరీ గేమే అన్నమాట. ఆడుతున్నంతసేపూ వాళ్ల మెదడులో డోపమైన్ విడుదల పెరిగింది. ఆట బాగా ఆడేకొద్దీ ఇంకా పెరిగింది. 'నేచర్' పత్రికలో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నదే అయినా, తర్వాత ఎందరో దీన్ని ప్రస్తావించారు. డోపమైన్ అంటే సంతోషం అనుకుంటాం గానీ దానికన్నా 'ఇంకాస్త ముందుకెళ్లు' అనే తోపు అనుకుంటే సరిగ్గా ఉంటుంది. మొదట్లోనే ఓడిపోయినవాడు విసిగి లేచిపోతాడు. గెలిచినవాడు తృప్తిగా లేచిపోతాడు. లేవలేనిది ఆఖరి శత్రువు దాకా వెళ్లి పడిపోయినవాడు. నోటికాడి ముద్ద జారిపోయింది కదా, వాడు కంచం ముందు నుంచి లేవడు.

ఆ సమయంలో పిల్లాడి భుజాలు చూడండి. చెవుల దాకా లేచి ఉంటాయి. మౌస్ మీద పట్టు బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, కళ్లార్పడం తగ్గి ఎర్రబడతాయి. మెడనొప్పి అని మర్నాడు మీ దగ్గరికే వస్తాడు.

కోపం తుపాకుల వల్లేనా?

"ఆ చంపుకోవడాలు చూసీ చూసీ వీడికి ఈ కోపం వచ్చింది" అనడం మామూలే. దీనిమీద 2014లో ఒక ఆసక్తికరమైన అధ్యయనాల వరుస వచ్చింది. ఆక్స్‌ఫర్డ్, రోచెస్టర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 'హాఫ్-లైఫ్ 2' అనే షూటింగ్ గేమ్‌ను హింస లేకుండా మార్చి కొందరితో, ఉన్నదున్నట్టుగా కొందరితో ఆడించారు. కొందరికి ముందుగా ఆట నేర్పారు, మరికొందరిని నేరుగా కూర్చోబెట్టారు. ఎవరినీ చంపని 'టెట్రిస్'లో మీటలు ఇబ్బందిగా ఉండేలా మార్చి కూడా చూశారు. తేలిందేమిటంటే, కోపం పెరిగేది తెరమీది రక్తం వల్లకన్నా 'నాకు చేతకావడం లేదు' అన్న భావన వల్ల. ఇటుకలు పేర్చే ఆటలోనూ అంతే.

హింస ఉన్న ఆటలు చిన్నపిల్లలకు పర్వాలేదని దీనర్థం కాదు. ఆ రాత్రి బల్ల మీద పడిన దెబ్బకు మాత్రం ఇదే వివరణ. లెక్క రాక పెన్సిల్ విరగ్గొట్టిన పిల్లాడి కోపం, ఈ కోపం ఒక జాతివే. అలాంటప్పుడు మీరు గదిలోకి వెళ్లి "ఎందుకూ పనికిరావు" అన్నారనుకోండి. గేమ్ ఇంతసేపూ చెబుతున్న మాటనే మీరూ చెప్పినట్టయింది. వాడు గేమ్ మీద తిరగబడలేడు కాబట్టి మీ మీద తిరగబడతాడు.

పదకొండు దాటితే చెయ్యి మాట వినదు

పిల్లలకు అసలు చెప్పాల్సింది ఇది. ఉదయం ఆరింటికి లేచినవాడికి రాత్రి పదకొండయ్యేసరికి 17 గంటల మెలకువ పూర్తవుతుంది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు మెలకువనూ మద్యాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచారు. 17 గంటలు మేలుకున్నవారి చేతికీ కంటికీ ఉండే సమన్వయం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారితో సమానంగా పడిపోయింది. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పదకొండింటికి మీవాడు చేస్తున్నది దాదాపు తాగి గురిపెట్టడం. సాయంత్రం ఆరింటికి తగిలే గురి ఇప్పుడు తగలదు. తగలకపోయేసరికి పంతం పెరుగుతుంది, నిద్ర ఇంకా వెనక్కి పోతుంది, గురి ఇంకా చెడుతుంది.

మరి పడుకుంటే? హార్వర్డ్‌లో 2002లో జరిగిన ప్రయోగంలో కొందరికి వేళ్లతో మీటలను ఒక వరసలో వేగంగా నొక్కడం నేర్పారు. నేర్చుకున్నాక పగలంతా మేలుకుని ఉండి మళ్లీ ప్రయత్నించినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఒక రాత్రి నిద్రపోయి ప్రయత్నించినవారి వేగం దాదాపు 20 శాతం పెరిగింది. మధ్యలో అభ్యాసం చేయలేదు, నిద్ర మాత్రమే పోయారు. చెయ్యి నేర్చుకున్న పనిని మెదడు నిద్రలో గట్టిపరుస్తుంది. రాత్రి నలభైసార్లు ఓడిన మిషన్ ఆదివారం పొద్దున మూడో ప్రయత్నంలో దాటిపోయిందని పిల్లలు ఆశ్చర్యంగా చెబుతుంటారు కదా, అందులో ఆశ్చర్యమేమీ లేదు.

కాబట్టి "ఆరోగ్యం పాడవుతుంది, పడుకో" అనేకన్నా "పడుకుంటే ఆ మిషన్ దాటతావు" అనడం మేలు. మొదటి మాటను పదహారేళ్లవాడు పట్టించుకోడు. రెండో మాట వాడికి కావలసింది, పైగా నిజం.

సేవ్ లేని పరీక్షలు

అశోక్‌నగర్‌లో సంగతి కొంచెం వేరు. అక్కడ తలుపు తట్టే అమ్మ ఉండదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచీ కూర్చుని, హాస్టల్‌కి చేరి, భోజనం చేసి, "ఒక్క అరగంట" అని ఫోను తీసే పాతికేళ్లవారి మాట ఇది. వాళ్ల గ్రూప్-1 సంగతి తెలిసిందే. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, ప్రశ్నపత్రాల లీకుతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అదీ రద్దయింది. కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్‌లో మళ్లీ రాశారు. ఆఖరి గది దాకా వెళ్లి మొదటి గేటు దగ్గరికి రావడమంటే ఏమిటో వీళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషికి గేమ్‌లో మిషన్ ఎందుకు అంతగా పట్టుకుంటుందో ఊహించండి. అక్కడ తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది, రెండు సెకన్లలో ఇంకో అవకాశం వస్తుంది, దాటితే దాటినట్టే, ఎవరూ రద్దు చేయరు. జీవితంలో కదలనిది అక్కడ కదులుతుంది. మరి అక్కడ కూడా కదలకపోతే? అందుకే హాస్టల్ గదిలో ఒక మిషన్ ఓటమికి కన్నీళ్లొస్తే రూమ్మేట్లు నవ్వకండి. ఆ కన్నీళ్లు గేమ్‌వి కాకపోవచ్చు. "గేమ్ సంగతి సరే, చదువు ఎలా ఉందిరా?" అని కాకుండా "ఇంటికి ఎప్పుడు వెళ్లొచ్చావు?" అని అడిగి చూడండి. ఇందిరాపార్కు నడిచి వెళ్లేంత దగ్గర. పొద్దున ఆరింటికి లాక్కెళితే రాత్రి నిద్ర దానంతటదే వస్తుంది.

గదిలోకి వెళ్లి ఏమనాలి?

వైఫై కట్టేయడం, ప్లగ్గు పీకేయడం ఆ రాత్రికి పనిచేస్తాయి. అయితే సేవ్ కాని ఆట పోతే మర్నాడు మొదటి నుంచి మొదలుపెట్టాలి, అంటే ఇంకో రెండు గంటలు మీరే ఇచ్చినట్టు. దానికన్నా ముందు ఒక తేడా తెలుసుకోండి. ఒక్కడే ఆడే కథా మిషన్‌ను ఏ క్షణమైనా పాజ్ చేయొచ్చు. బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ మ్యాచ్‌లను చేయలేరు. ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగొచ్చు, మధ్యలో లేస్తే జట్టులో మిగతావారు తిడతారు. కాబట్టి "ఇప్పుడే ఆపు" అనే ముందు "పాజ్ అవుతుందా, అవదా?" అని అడగండి. అవుతుందంటే ఇప్పుడే. అవదంటే ఈ మ్యాచ్ ముగిశాక, కొత్తది మొదలవక ముందు. ఈ ప్రశ్న ఒక్కసారి అడిగితే చాలు, మీకు ఆట తెలుసని వాడికి అర్థమవుతుంది. 'ఇదొక్కటి' అనే మాటకు కొలత కూడా దొరుకుతుంది.

తర్వాత పక్కన ఐదు నిమిషాలు కూర్చుని "ఎక్కడ పోతోంది?" అనండి. సలహా ఇవ్వక్కర్లేదు. వాడు వివరించడం మొదలుపెడితే భుజాలు దిగుతాయి. చాలాసార్లు చెబుతూ చెబుతూ తనే "అటువైపు నుంచి వెళ్లాలేమో" అంటాడు. ఆ మాటను కాగితం మీద రాసి పెట్టుకోమనండి, పొద్దున ప్రయత్నించొచ్చు. రాసిపెట్టిన పని తలలో తిరగడం తగ్గుతుంది.

ఆడేవాళ్లకూ ఒక మాట. ఒకేచోట వరసగా ఐదుసార్లు పోతే లేచి నిలబడండి, నీళ్లు తాగండి. పది దాటితే ఆ రోజుకి చాలు. సెట్టింగ్స్‌లో కష్టం స్థాయి తగ్గించుకుంటే నామోషీ ఏమీ లేదు. ఆ మీట పెట్టింది గేమ్ తయారుచేసినవాళ్లే. వేరేవాళ్లు దాటిన వీడియో చూడటమూ తప్పు కాదు, మంచం మీద పడుకుని చూడనంతవరకు.

ఎప్పుడు సాయం అడగాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం ఆట మీద అదుపు తప్పాలి, తిండి, చదువు, స్నేహాలకన్నా ఆటే ముందు రావాలి, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆడుతూనే ఉండాలి. ఈ తీరు మామూలుగా ఏడాది పాటు కొనసాగాలి, లక్షణాలు తీవ్రంగా ఉంటే అంతదాకా ఆగక్కర్లేదు. పరీక్షలయ్యాక వారం రోజులు ఒక మిషన్ పట్టుకుని వేలాడటం ఇందులోకి రాదు. మిషన్ దాటేశాక కూడా నిద్ర, బడి, స్నానం వెనక్కి రాకపోతే ఆలోచించాలి. గేమ్ ఉన్నా లేకున్నా పిల్లలు ముభావంగా ఉంటున్నా, "బతకడం వేస్టు" లాంటి మాట ఒక్కసారి అన్నా ఆ రోజే సాయం తీసుకోండి.

కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తల్లిదండ్రులు చేసినా సరే, హాస్టల్లో రూమ్మేట్ చేసినా సరే. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ సమస్యల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంతదూరం అక్కర్లేదనుకుంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే ఎర్రగడ్డలో దిగొచ్చు. వెళ్లేటప్పుడు వారం రోజులు వాడు ఎన్నింటికి పడుకున్నాడో, ఎన్నింటికి లేచాడో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. 'రోజూ ఎన్ని గంటలు ఆడతాడు?' అన్న ప్రశ్నకు మీరూ వాడూ చెప్పే జవాబులు ఎప్పుడూ కలవవు, డాక్టరుకు ఆ కాగితం పనికొస్తుంది.