నాటి రాజవాహనం – నేటి కుటుంబ వాహనం

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని పాతకాలపు కారు ఒకటి సందర్శకులను ఆకర్షిస్తుంది. అది 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానిని కోరి చేయించుకున్నారు. అయితే అది చేతికి అందకముందే, 1911లో, ఆయన కన్నుమూశారు.

నేటి సామాన్య కుటుంబాలు వాడే ఎస్‌యూవీతో దానిని పోల్చి చూస్తే వాహన నిర్మాణంలో వచ్చిన మార్పు తెలుస్తుంది. నాటి ఇంజను పరిమాణం ఏడు లీటర్లకు పైమాటే. అయినా దాని శక్తి నూరు అశ్వశక్తులను అందుకోలేదు. నేడు ఒకటిన్నర లీటర్ల ఇంజను సైతం ఆ హద్దును దాటగలదు. నాడు హ్యాండిలు తిప్పి ఇంజనును కదిలించేవారు. నేడు మీట నొక్కితే చాలు. నాడు బ్రేకులు వెనుక చక్రాలకే పరిమితం. నేడు నాలుగు చక్రాలకూ ఉన్నాయి.

అన్నింటికంటె ముఖ్యమైన భేదం భద్రత. నేటి వాహనం ఢీకొన్నప్పుడు ముందుభాగం నలిగి, తాకిడి తీవ్రతను చాలవరకు తానే భరిస్తుంది. 1959లో వోల్వో సంస్థ ప్రవేశపెట్టిన మూడు బిందువుల సీటు బెల్టు ప్రయాణికుని సీటుకు పట్టి ఉంచుతుంది. ఎయిర్ బ్యాగు ఆ బెల్టుకు తోడే గాని బదులు కాదు.

నాడు రాజుకు సైతం లభించని రక్షణ నేడు సామాన్యునికి అందుబాటులో ఉన్నది. అయితే కట్టుకోని బెల్టు ఎవరినీ కాపాడలేదు.