స్వల్పవ్యయముతో విశాఖయాత్ర

సముద్రమును చూడవలెనను కోరిక లోనాటి కుటుంబములలో పెక్కేండ్లు కోరికగానే ఉండిపోవుచుండును. ఒక యేడు ఇంటి పైకప్పు అడ్డుపడును. మరొక యేడు పిల్లవాని చదువు. ఇంకొక యేడు ఎవరిదో పెండ్లి. తీరా ఒకనాడు, ఈ సెలవులకు విశాఖపట్టణము పోవుదమని నిశ్చయించిన మరుక్షణమే ఇంటి యజమాని కాగితమును, కలమును తీసికొని లెక్కకు కూర్చుండును. ఆ లెక్కలో మొట్టమొదట కొట్టివేయబడు పేరు సాధారణముగా నాయనమ్మది. "ఆమె అంతదూరము ప్రయాణము చేయలేదు, ఇంటికి కాపలా ఎవరైన ఉండవలెను గదా" అందురు. అసలు కారణము వేరు. ఒక టిక్కెట్టు తగ్గును.

ఈ పొదుపు చేయరాని చోట చేసిన పొదుపని నా అభిప్రాయము. కుటుంబయాత్రలో ఖర్చు మనుష్యుల సంఖ్యనుబట్టి పెరుగుటకంటె, బసచేయు రాత్రుల సంఖ్యనుబట్టియు, బాడుగకు పిలుచు బండ్ల సంఖ్యనుబట్టియు ఎక్కువగా పెరుగును. లాడ్జిలో గదికి అద్దె ఇచ్చెదము గాని, తలకు ఇంత యని ఇయ్యము. ఒక పరుపు అదనముగా వేయించుకొనుటకు కొద్దిపాటి రుసుము అడుగుదురు, అంతే. ఒక్క రాత్రి బస తగ్గించి, రెండుసార్లు బండిని మాని బస్సెక్కినచో, నాయనమ్మ టిక్కెట్టు సొమ్ము అందులోనే వచ్చును. ఈ లెక్క ఎట్లు కుదురునో చూతము.

ఉదాహరణకు వరంగల్లునుండి ఒక కుటుంబము బయలుదేరుచున్నదనుకొందము. భార్యాభర్తలు, ఎనిమిదేండ్ల కుమారుడు, నాలుగేండ్ల కుమార్తె, నాయనమ్మ. వరంగల్లుమీదుగా పోవు గోదావరి ఎక్స్‌ప్రెస్సువంటి రాత్రిబండిలో సాయంకాలము ఎక్కినచో ఉదయమునకు విశాఖ చేరవచ్చును. రాత్రి ప్రయాణమన్నచో ఒక రాత్రి బస ఖర్చు లేకుండుటయే. వచ్చునప్పుడును అట్లే. విజయవాడ ప్రాంతమువారికి దూరము సుమారు 350 కిలోమీటర్లే గనుక పగటిబండి రత్నాచల్ కలదు. అయినను పొదుపు దృష్టితో చూచినచో వారికిని రాత్రిబండియే మేలు.

2024 నవంబరు 1వ తేదీనుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు 60 దినములు ముందుగా మాత్రమే చేయుచున్నారు. పండుగల సెలవులకు పోదలచినవారు ఆ అరువదవ దినమును గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకొనవలెను. తత్కాలు టిక్కెట్టు మీద ఆశపెట్టుకొని కూర్చున్నవాని బడ్జెట్టు ఇల్లు కదలకముందే దెబ్బతినును. అయిదేండ్లలోపు పిల్లకు బెర్తు అడుగనిచో టిక్కెట్టు అక్కరలేదు. అయిదు మొదలు పన్నెండేండ్లలోపు పిల్లలకు బెర్తు వలదన్నచో సగము చార్జీ, కావలెనన్నచో పూర్తి చార్జీ. ఇచ్చట చాలమంది సగము చార్జీవైపు మొగ్గుదురు. రాత్రి ప్రయాణములో అది లాభము కాదు. ఎనిమిదేండ్ల పిల్లవాడును తండ్రియు ఒకే బెర్తుమీద ఒత్తిగిల్లి తెల్లవార్లు మేలుకొన్నచో, మరునాడు ఇద్దరును చిరచిరలాడుచు తిరుగుదురు. నడవదగిన చోట నడవలేక ఆటో పిలుతురు. మిగిల్చిన సొమ్ము ఆటోలో పోవును.

వృద్ధులకు పూర్వమున్న రాయితీని 2020 మార్చినెలలో నిలిపివేసిరి గనుక నాయనమ్మకు పూర్తి చార్జీయే. అయితే నలువదియైదేండ్లు దాటిన స్త్రీలకు క్రింది బెర్తుల కోటా ఒకటి ఉన్నది. అర్హత గలవారు ఒంటరిగానో ఇద్దరుగానో టిక్కెట్టు తీసినప్పుడే అది వర్తించును. అయిదుగురి పేర్లును ఒకే టిక్కెట్టులో వ్రాయించినచో ఆ సౌకర్యము పోవును. కనుక ఆమె టిక్కెట్టు వేరుగా తీయుట మంచిది. పెట్టె వేరైనచో తోటి ప్రయాణికునితో మాటాడి మార్చుకొనవచ్చును. క్రింది బెర్తు కొరకు బతిమాలుటకంటె, క్రింది బెర్తును చేతనుంచుకొని మార్పు అడుగుట సులభము.

ఇక బస. సముద్రమునకు ఎదురుగా గది కావలెనను ముచ్చటకు అద్దె చాల అధికముగా ఇయ్యవలసివచ్చును. పగలంతయు సముద్రము వద్దనే ఉండువారికి రాత్రి కిటికీలోనుండి కనబడునది చీకటియే గదా! రైలుస్టేషను దరిని, డాబాగార్డెన్సులో, ఆర్టీసీ కాంప్లెక్సు పరిసరములలో సామాన్యులకు తగిన లాడ్జీలు పెక్కు గలవు. అచ్చటినుండి నగరమంతటికిని బస్సులు దొరకును. గది తీసికొనునప్పుడు అద్దెకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: దినమనగా ప్రవేశించిన వేళనుండి ఇరువదినాలుగు గంటలా, లేక మధ్యాహ్నమునుండి మధ్యాహ్నము వరకా? ఉదయము ఆరింటికి దిగినవారు రెండవ పద్ధతి గల లాడ్జిలో చేరినచో, మధ్యాహ్నము లోపలి ఆ కొలది గంటలకే ఒక దినపు అద్దె ఇచ్చుకొనవలసి రావచ్చును. ఒక రాత్రి అద్దె ఈ ఒక్క ప్రశ్నతో మిగులును.

వారములో ఏ దినమున బయలుదేరవలెనన్నది కూడ లెక్కలోనిదే. శని ఆదివారములలో అద్దెలు హెచ్చు, జనము హెచ్చు. క్రిస్మసు మొదలు సంక్రాంతి వరకు చెప్పనే అక్కరలేదు. సోమవారము సాయంకాలము బయలుదేరి, మంగళ, బుధ, గురువారములు విశాఖలో గడపి, గురువారము రాత్రి తిరుగుబండి ఎక్కినచో, నాలుగు రాత్రులలో రెండు రైలులో గడచును. బస రెండు రాత్రులకే. అంతేగాక, జలాంతర్గామి ప్రదర్శనశాలకును జంతుప్రదర్శనశాలకును సెలవుదినము సోమవారము. ఆ దినమున వచ్చి మూసిన తలుపు చూచి మరలిపోవు కుటుంబములు తక్కువ కావు.

మొదటి పూట ఎచ్చటికిని పోవలదు. స్నానము, భోజనము, నిద్ర. సాయంకాలము బస్సులో రామకృష్ణా బీచికి పోయిన చాలును. ఆ రోడ్డుమీద చూడవలసినవన్నియు నడకదూరములో ఉన్నవి. సోవియట్ దేశములో నిర్మితమై 1969లో మన నౌకాదళమున చేరిన కుర్సురా జలాంతర్గామి 2001 వరకు సేవచేసి, 2002లో ఒడ్డునకు చేర్చబడి ప్రదర్శనశాలయైనది. సుమారు 91 మీటర్ల పొడవు గల ఆ ఇనుపగొట్టములో డెబ్బదిమందికి పైగా మనుష్యులు వారములకొలది ఎట్లుండిరో పిల్లలు కన్నులార చూడవచ్చును. లోపల వంగి దాటవలసిన గుండ్రని ద్వారములున్నవి గనుక మోకాళ్ల నొప్పులు గలవారు వెలుపలనే కూర్చుండుట మేలు. దానికెదురుగా 2017నుండి టీ.యూ. 142 విమానము ప్రదర్శనలో ఉన్నది. 1971 యుద్ధవిజయ స్మారకము ఆ దరినే ఉన్నది. దానిని చూచుటకు రుసుము లేదు. చీకటిపడువేళకు ముంత మసాలా, మొక్కజొన్న కండెలు అమ్మువారు వత్తురు. ఆ ఖర్చునకు సంకోచింపవలదు.

సముద్రస్నానమును గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. రామకృష్ణా బీచి చూచుటకు ఎంత సుందరమో దిగుటకు అంత ప్రమాదకరము. అచ్చట నేల కొలది అడుగులలోనే లోతునకు దిగిపోవును; అల ఒడ్డుదగ్గరనే విరిగి, వెనుకకు పోవునప్పుడు కాళ్ల క్రింది ఇసుకను లాగుకొనిపోవును. అలలు తెచ్చి ఒడ్డున కుప్పవోసిన నీరు మరలిపోవలెను గదా. అది ఒక ఇరుకైన దారి చేసికొని వేగముగా లోపలికి పారును. అలలు విరుగుచున్న చోట్లనడుమ ఒకచోట నీరు ప్రశాంతముగా కనిపించినచో, అనుభవము లేనివారు అదియే క్షేమమైన చోటనుకొందురు. అపాయపు దారి తరచుగా అదియే. దానిలో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదినచో అలసిపోవుదురు. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది ప్రవాహమునుండి తప్పుకొని, పిదప ఒడ్డునకు రావలెను. ఈతరానివారికి ఇదేమియు అక్కరలేదు. చీలమండ దాటి నీటిలోనికి దిగకుండుటయే వారికి ఈత. చెప్పులను అల లాగుకొనిపోయినప్పుడు పిల్లలు వెంటపడుదురు. కావున చెప్పులను దూరముగా విడిచి, పెద్దవారొకరు నీటిలోనికి దిగక పిల్లలమీదనే చూపుంచి నిలువవలెను. స్నానము చేసియే తీరవలెనన్నచో ఋషికొండ తీరము కొంత నయము. రక్షకులున్న వేళ చూచి, వారు చూపిన హద్దులో మాత్రమే దిగవలెను.

రెండవదినమున అరకులోయకు పోవలెనా అన్నది ప్రతి కుటుంబములోను వాదమే. రోడ్డుమార్గమున సుమారు 115 కిలోమీటర్లు. కారు బాడుగ ఈ యాత్ర మొత్తములో అన్నిటికంటె పెద్ద ఖర్చు. కిరండూలు పోవు రైలు ప్రతి ఉదయము విశాఖనుండి బయలుదేరును. సామాన్యతరగతి చార్జీ స్వల్పము. బైలదిల్లా గనుల ఇనుపరాతిని జపానునకు ఎగుమతి చేయుటకై 1960 దశకములో వేసిన మార్గమిది. సొరంగము వెనుక సొరంగము, లోయపైన వంతెన. నిజమునకు చూడదగినది ఆ ప్రయాణమే. బొఱ్ఱాగుహలలో మెట్లు చాల ఉన్నవి. నాయనమ్మ దిగలేనిచో, నేరుగా అరకులో దిగి పద్మాపురము తోటలో నీడన కూర్చుండవచ్చును. ఆ గుహలను తొలిచిన గోస్తనీనదియే భీమునిపట్టణము వద్ద సముద్రమున కలియుచున్నది. నడుమ తాటిపూడి జలాశయమునుండి విశాఖకు త్రాగునీరిచ్చునదియు అదియే. పిల్లలకు ఈ మాట చెప్పినచో వారు లాడ్జి కుళాయినీటిని కూడ వింతగా చూతురు.

ఒక హెచ్చరిక. అరకును చివరిదినమున పెట్టుకొనరాదు. తిరుగు రైలు ఆలస్యమైనచో ఇంటికిపోవు బండి తప్పిపోవును. అట్లు తప్పిన రాత్రి ఖర్చు ముందు చేసిన పొదుపంతటిని మ్రింగును. బస ఒక్క రాత్రికే పరిమితము చేయదలచినవారు అరకును మరొక యాత్రకు వదలివేయుట ఉత్తమము.

మూడవదినము సింహాచలము. ఉదయము గది ఖాళీచేసి, సామానును రైలుస్టేషనులోని భద్రపరచు గదిలో ఉంచవలెను; తాళము లేని సంచులను వారు తీసికొనరు గనుక చిన్న తాళములు ఇంటినుండియే తెచ్చుకొనవలెను. సింహాచలమునకు నగరపు బస్సులు విరివిగా గలవు. శ్రీకృష్ణదేవరాయలు 1516లోను 1519లోను ఈ స్వామిని సేవించినట్లు అచ్చటి శాసనములు చెప్పుచున్నవి. ఏడాదిపొడవున చందనముతో కప్పబడి యుండు స్వామి నిజరూపము అక్షయతృతీయనాడు మాత్రమే కనబడును. చిన్నపిల్లలతో, వృద్ధులతో వచ్చువారు ఆ దినపు రద్దీని తప్పించుకొనుటయే మేలు. దేవస్థానమువారి నిత్యాన్నదానములో మధ్యాహ్న భోజనము చేసి, సాయంకాలము కైలాసగిరి చేరినచో, ఒంపుతిరిగిన తీరమంతయు ఒక్కచూపులో కనబడును.

బస్సులను గూర్చి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15నుండి ఆ రాష్ట్రపు స్త్రీలకు నగరపు బస్సులలోను, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలోను ఉచిత ప్రయాణమున్నది. గుర్తింపుకార్డు వెంట ఉండవలెను. మన వరంగల్లు కుటుంబపు స్త్రీలకు ఇట్టి సౌకర్యము తెలంగాణములో 2023 డిసెంబరునుండి ఉన్నను, విశాఖలో వారు టిక్కెట్టు తీయవలసినదే. లెక్కలో పొరబడకుండుటకు చెప్పితిని.

భోజనము విషయమున మొదటి రాత్రికి ఇంటి పులిహోర, రెండు మూడు దినములకు జంతికలు, చేగోడీలు చాలును. మధ్యాహ్నము కడుపునిండ భోజనము, ఉదయసాయంకాలములు ఫలహారము అను పద్ధతి సంచికిని కడుపునకును అనుకూలము. త్రాగునీటి దగ్గర మాత్రము పొదుపు వలదు. మొత్తము సొమ్ములో అయిదవవంతు వేరొక కవరులో అంటించి ఇల్లాలి చేతికిచ్చుట మంచిది; జ్వరము వచ్చినను, రైలు తప్పినను తప్ప దానిని చింపరాదు. అక్టోబరు, నవంబరు నెలలలో పోవువారు బయలుదేరుటకు ముందు రేడియోలో వాతావరణ సూచన వినవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన సంగతి మరువరానిది.

తిరుగురైలు వేళకు గంట ముందుగా స్టేషను చేరి సామాను విడిపించుకొనవలెను. ఉప్పునీటిలో తడిసిన బట్టలకు వేరొక సంచి ఇంటినుండియే తీసికొనిపోయినచో, ఇసుక తక్కిన బట్టలలో పడకుండ ఉండును.