పరిచారిక విద్యకు వెల యెంత?

ఆయుర్వేదము చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉండవలసిన గుణములను చరకుడు మరల నాలుగుగా నిర్ణయించెను: ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము. వీనిలో తొలుత లెక్కింపబడినది జ్ఞానమని పాఠకులు గమనింతురుగాక. నేటి మన సమాజము ఈ క్రమమును తలక్రిందు చేసినది. నర్సును దయామయి యని కొనియాడును. ఆమె నేర్చిన విద్యకు వెల కట్టవలసివచ్చినప్పుడు మొగము చాటువేయును.

మొన్న ఒక రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా కార్యాలయమునకు వచ్చెను. బాలిక ఇంటరు ముగించినది. నర్సింగు చదువ గోరుచున్నది. "అయ్యా, ఎకరం తాకట్టు పెట్టి ఫీజు కట్టాలి. తీరా చదివినాక నెలకు పది వేలంటే మా గతేం కాను?" అని ఆయన ప్రశ్న. ఇది తెలుగునాట వేలాది కుటుంబముల ప్రశ్న గనుక బహిరంగముగనే సమాధానము చెప్పుచున్నాము.

ముందుగా పూర్వస్థితిని జ్ఞప్తికి తెచ్చుకొందము. 1946లో భోర్ సంఘము తన నివేదికను సమర్పించునప్పటికి దేశమున వైద్యులు సుమారు 47,000 మంది. నర్సులు 7,000 మంది మాత్రమే. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు! పరుల దేహమును తాకు పని తమ ఆడుబిడ్డలకు తగదని అగ్రకుటుంబములు తలంచుటయే దీనికొక ముఖ్యకారణము. మిషను ఆసుపత్రులలో క్రైస్తవ యువతులు ఆ భారమును చాలవరకు వహించిరి. ఆగిన చదువును మరల సాగించినచో స్త్రీ తన కాళ్లపై తాను నిలువగలదని దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసున నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ చాటిచూపినది. ఆనాటి సంకోచము నేడు తొలగినది. తండ్రులే పొలము తాకట్టు పెట్టి కుమార్తెలను పంపుచున్నారు. అయినను వేతనమునందలి చులకనభావము తొలగలేదు.

నేడు పరిచారికయెదుట మూడు మార్గములు కలవు. మొదటిది ప్రభుత్వోద్యోగము. 2018లో ప్రకటింపబడిన ఆయుష్మాన్ భారత్ పథకముతో, నర్సింగు చదివి సామాజికారోగ్యమున శిక్షణ పొందినవారు గ్రామ ఆరోగ్యకేంద్రములలో బాధ్యత వహింపగల అవకాశము కలిగినది. ఇది గౌరవప్రదమైన పదవియే; కాని ఇట్టి నియామకములు పెక్కు కాంట్రాక్టు పద్ధతిని జరుగుచున్నవి.

రెండవది ప్రైవేటు ఆసుపత్రి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశముపై ఏర్పడిన సంఘము, ఏబది పడకలకు లోబడిన ఆసుపత్రులలో సైతము నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఈయరాదనియు, రెండువందలకు మించిన పడకలున్నచోట ప్రభుత్వ వేతనముతో సమానముగా నీయవలెననియు సిఫారసు చేసినది. ఆ రైతు చెప్పిన పది వేలకు ఈ సిఫారసునకు గల దూరమును పాఠకులే కొలుచుకొందురుగాక!

మూడవది విదేశయానము. జర్మనీకి జర్మను భాష, ఇంగ్లండునకు ఆంగ్లభాషాపరీక్షతోపాటు వృత్తిపరీక్ష, అమెరికాకు ఎన్‌క్లెక్సు పరీక్ష ఆవశ్యకములు. పోవువారిని నిందించుట మాకు సమ్మతము కాదు. ఇంట తగిన కూలి ఈయక, పొరుగున కిచ్చినచోటికి పోయిన బిడ్డను దేశద్రోహి యనుట న్యాయమా?

ఈ మూడింటిలో ఏది విస్తరించునో, ఏది సన్నగిల్లునో పదేండ్లకు ముందుగా నిర్ణయించుట ఎవరికిని శక్యము కాదు. కావున ఏ మార్గమునకైనను పనికివచ్చు పునాదిని వేసికొనవలెను. కళాశాల గోడల అందమును గాక దానికి రోగులతో నిండిన ఆసుపత్రి కలదా లేదా యని చూడుడు. పడక ప్రక్కన నేర్వని ఉపచారము పుస్తకమున దొరకదు. గుర్తింపును నర్సింగు కౌన్సిలు జాబితాలో స్వయముగా పరిశీలింపుడు. మూడేండ్ల జి.ఎన్.ఎం. కంటె నాలుగేండ్ల బి.ఎస్సి. పై చదువులకు సుగమము. ఉద్యోగమున చేరిన పిదప తీవ్రచికిత్స, డయాలిసిసు, శస్త్రచికిత్సాగారము మున్నగువానిలో ఒకదానియందు ప్రావీణ్యము గడింపుడు. భాషను చదువుకాలముననే ఆరంభింపుడు. అసలు సర్టిఫికెట్లను ఏ యజమాని చేతను, ప్రభుత్వ నమోదులేని ఏ దళారి చేతను పెట్టకుడు.

ఇవి బాలికలు చేయవలసినవి. ప్రభుత్వము చేయవలసినది వేరే కలదు. 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టము స్థానమున 2023లో పార్లమెంటు నూతన కమిషను చట్టమును ఆమోదించినది. చట్టము విద్యాప్రమాణమును నిలుపవచ్చును, ఆకలిని తీర్పదు. కనీసవేతన సిఫారసునకు ప్రభుత్వములు శాసనబలము చేకూర్చి, తనిఖీ జరిపి, అతిక్రమించిన ఆసుపత్రుల అనుమతులను ప్రశ్నించిననే ఆ రైతు ఎకరమునకు రక్ష.

ఆయనతో మేమిట్లంటిమి: "బిడ్డను చదివింపుము. విద్య నిలుచును. కాని తాకట్టునకు ముందు ఆ కళాశాల ఆసుపత్రిలో ఒక దినము కూర్చుండి, రోగులెందరు వచ్చెదరో లెక్కించి రమ్ము." బాలిక నవ్వి, తానే పోయి లెక్కించెదననెను. ఉపచారజ్ఞానమునకు ఆమె అప్పుడే శ్రీకారము చుట్టినదని మేము సంతసించితిమి.